తెల్ల దుమ్ము తీర్మానం

మరో మూడు వారాల్లో బొగ్గులవాగు పట్టణంలో నల్ల దుమ్ము కలికానికి కూడా దొరకదని మున్సిపల్ చైర్మన్ జగదీశ్వర్ గారు గురువారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ప్రకటన వెలువడగానే ఇరవై ఇద్దరు కౌన్సిలర్లు బల్లలు చరిచారు. బల్లల మీది నల్ల దుమ్ము లేచి విలేఖరుల టీ కప్పుల్లో పడింది. విలేఖరులు అలవాటు ప్రకారం ఊదుకుని తాగి, ప్రకటనను యథాతథంగా రాసుకున్నారు.

గోదావరిఖని నుంచి బసంత్‌నగర్ వైపు వెళ్తుంటే తగిలే ఊరు ఇది. ఇక్కడ తెల్ల చొక్కా వేసుకునేవాళ్లు రెండు రకాలు: నాయకులు, కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లు. నాయకులు రోజుకు మూడు చొక్కాలు మారుస్తారు. బదిలీ మీద వచ్చినవాళ్లు నెల తిరిగేలోగా ముదురు రంగుల్లోకి దిగిపోతారు. మున్సిపాలిటీలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్ ఉమామహేశ్వర్ ఒక్కడే ఆరేళ్లుగా మంథని నుంచి బస్సులో తెల్ల చొక్కాతో వచ్చి, బూడిద రంగు చొక్కాతో ఇంటికి పోతున్నాడు. నెమ్మదస్తుడు. ఎవరినీ నొప్పించడు, ఎవరినీ ఆపడు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆ ముత్యాలే అతని కొంప ముంచాయి. తీర్మానాలు, మెమోలు, ఆఖరికి చైర్మన్ గారింటి పెళ్లి పత్రికలు కూడా అతనే రాయాల్సి వచ్చేది.

చైర్మన్ గారి ప్రతిభ గురించి రెండు మాటలు చెప్పాలి. రాజకీయాల్లోకి రాకముందు ఆయన భూగర్భ గనిలో ఇరవై నాలుగేళ్లు సర్దార్‌గా చేశారు. సర్దార్ అంటే షిఫ్టులో మనుషుల భద్రత చూసే ఉద్యోగి. ఆ అనుభవంతోనే ఆయన మున్సిపాలిటీని కూడా నడుపుతున్నారు. కౌన్సిల్ మీటింగును షిఫ్టు అంటారు. రాని కౌన్సిలర్‌కు నాగా వేస్తారు. మురుగు కాల్వ పొంగితే “పంపు బంజేసిందెవడు?” అని అడుగుతారు. గని తెలిసినవాడికి ఊరొక లెక్కా అన్నది ఆయన నమ్మకం.

పోయినేడాది ‘నిర్మల వాయు పురస్కారం’ పక్క మున్సిపాలిటీకి పోయింది. ఆ చైర్మన్ ఫోటో ఇంతెత్తు ఫ్లెక్సీలో బొగ్గులవాగు బస్టాండు ముందే వెలిసింది. అది చూసిన రోజు నుంచి మన చైర్మన్ గారికి అన్నం సహించలేదు. ఈ ఏడాది తనిఖీ అధికారి మూడు వారాల్లో, సోమవారం నాడు వస్తారని కబురు తెలిసింది. అందుకే ఈ ప్రకటన.

సోమవారం అంటే ప్రజావాణి. జనం దరఖాస్తులు తెస్తారు, ఆఫీసు తీసుకుంటుంది. ప్రకటన తర్వాతి సోమవారం కూడా సదయ్య వచ్చాడు. రిటైరైన గని కార్మికుడు. పదకొండో వార్డులో రైల్వే గేటు సందులో ఇల్లు. ఆ సందు మీదుగానే బొగ్గు లారీలు అడ్డదారిన యార్డుకు పోతాయి. ఇది అతని పద్నాలుగో దరఖాస్తు. అందులో ఎప్పుడూ ఒకటే మాట: లారీల మీద టార్పాలిన్ పట్టాలు కప్పించండి.

“మనుమరాలు మమత ఎట్లున్నది కాకా?” అని ఉమామహేశ్వర్ అడిగాడు.

“గట్లనే ఉన్నది సారు. దమ్ము అందదు. మూడో తరగతి పోరి, నాకంటె ఎక్కువ ఆయాసపడ్తది. దుమ్ముకు దూరంగ ఉంచుండ్రి అన్నడు డాక్టరు. దూరం ఎక్కడున్నది? ఇల్లు అమ్ముదామంటె కొననీకి వచ్చినోడు సుత దగ్గుతాండు.”

సదయ్య నవ్వాడు. ఉమామహేశ్వర్‌కు నవ్వు రాలేదు. ఆ మధ్యాహ్నం ధైర్యం కూడగట్టుకుని నోట్ రాసి, తనే చైర్మన్ గారి గదికి పట్టుకెళ్లాడు. గదిలో చైర్మన్ గారి బామ్మర్ది రఘుపతి సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. రఘుపతి లారీ ఓనర్ల సంఘానికి అధ్యక్షుడు. ఆ సోఫాకు కూడా ఇంచుమించు అధ్యక్షుడే.

“సర్, దుమ్ము తగ్గాలంటే రెండే పనులు,” అన్నాడు ఉమామహేశ్వర్. “బొగ్గు లారీల మీద పట్టాలు కప్పించాలె. పొద్దున, సాయంత్రం రోడ్ల మీద ట్యాంకర్‌తోటి నీళ్లు చల్లించాలె.”

“పట్టాలా?” రఘుపతి కాళ్లు ముడుచుకున్నాడు. “బావా, పట్టా కప్పి తాడు కట్టేసరికి అర్ధగంట. దినానికి ఒక ట్రిప్పు పాయె. మా డ్రైవర్లు మనుషులు కారా?”

“విన్నరా ఉమామహేశ్వర్ గారు? మానవత్వం ఉండాలె,” అన్నారు చైర్మన్ గారు. “సరే, ట్యాంకర్లు ఏం చేస్తున్నయి?”

“మూడున్నయి సర్. ఒకటి రిపేర్ల ఉన్నది. ఒకటి మీ ఇంట్ల గడ్డికి పోతున్నది. ఒకటి రఘుపతి గారి లారీలు కడుగుతున్నది.”

“అంటే లారీలు శుభ్రంగనే ఉన్నయి కద! ఇగ పట్టాలెందుకు?”

ఉమామహేశ్వర్ నోట్ మడిచి జేబులో పెట్టుకోబోయాడు. అప్పుడే చైర్మన్ గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆయనకు ఆలోచన తట్టినప్పుడల్లా అలాగే కూర్చుంటారు. పోయినసారి కూర్చున్నప్పుడు ఊళ్లో నీళ్లు లేని ఫౌంటెన్లు నాలుగు వెలిశాయి.

“బొగ్గు బాయిల దుమ్ము లేస్తె మేమేం చేస్తుంటిమి, ఎరుకేనా మీకు? తెల్ల పొడి చల్లుతుంటిమి. స్టోన్ డస్ట్! సున్నపు రాయి పిండి. నల్ల దుమ్ము మీద తెల్ల దుమ్ము పడ్డదంటె, ఇగ అంతే. బాయి మొత్తం పెండ్లి ఇల్లు తీర్గ మెరుస్తది. ఇరవై నాలుగేండ్లు చల్లిపిచ్చిన. ఒక్క ప్రమాదం కాలె.”

“సర్, అది బొగ్గు దుమ్ము అంటుకొని పేలకుండ చల్లుతరు,” అన్నాడు ఉమామహేశ్వర్ మెల్లగా. “పీల్చుకునేటందుకు కాదు.”

“పేలే దుమ్మే నోరు మూసుకుంటె, పీల్చే దుమ్మెంత?”

రఘుపతి లేచి బావ చేతులు పట్టుకున్నాడు. ఉమామహేశ్వర్ పెన్ను తీశాడు. ‘పట్టణమందలి నల్ల దుమ్మును తగుపాళ్లలో తెల్ల దుమ్ముతో సమతుల్యం చేయుటకు’ అని మొదలయ్యే ఆ తీర్మానాన్ని తనే రాశాడు. అక్షరాలు ఎప్పటిలాగే అందంగా వచ్చాయి.

తీర్మానం కౌన్సిల్‌లో గట్టి చర్చకు దారి తీసింది. ప్రజాస్వామ్యంలో ప్రతిపక్షం ఉండి తీరాలి గనక ఈ ఊళ్లోనూ ఒకటి ఉంది. దాని పేరు రాయమల్లు. ఆయన నల్ల కండువా వేసుకుని వచ్చి పోడియం ముందు బైఠాయించాడు.

“ఇది ఘోరమైన అన్యాయం!” అని అరిచాడు. “మా తొమ్మిదో వార్డుకు రెండు లారీలు, అధికార పార్టీ వార్డులకు అయిదు లారీలా? మా వార్డు ప్రజలు తెల్ల దుమ్ముకు నోచుకోలేదా?”

తొమ్మిదో వార్డుకు మరో మూడు లారీలు పెంచాక తీర్మానం ఏకగ్రీవమైంది. రాయమల్లు విజయ చిహ్నంగా రెండు వేళ్లు చూపించి ఫోటో దిగాడు.

బసంత్‌నగర్ దారిలో ఒక క్రషర్ నుంచి పొడి రావడం మొదలైంది. తెచ్చేది రఘుపతి లారీలే. అవి పోయేటప్పుడు బొగ్గుతో పోతాయి, వచ్చేటప్పుడు తెల్ల పొడితో వస్తాయి. ఈ ఏర్పాటును చైర్మన్ గారు విలేఖరులకు ‘సర్క్యులర్ ఎకానమీ’ అని వివరించారు. అటూ ఇటూ కూడా పట్టాల్లేవు. పోతూ నల్లగా, వస్తూ తెల్లగా ఊరంతా చల్లుకుంటూ తిరిగాయి. సగం పని లారీలే చేసిపెట్టడంతో మున్సిపాలిటీకి శ్రమ తగ్గింది.

మిగతా సగం పారిశుద్ధ్య కార్మికుల మీద పడింది. వాళ్ల మేస్త్రీ మల్లక్క, పొద్దున్నే గంపలు పంచుతున్న ఉమామహేశ్వర్ ముందుకు వచ్చి నిలబడింది.

“ఇరవై ఏండ్ల సంది దుమ్ము ఊడుస్తున్న సారు. గిప్పుడు చల్లాల్నా?”

“ఆర్డరున్నది మల్లక్కా.”

“చల్లినంక ఊడ్వాల్నా?”

“ఊడ్వొద్దు. ఊడిస్తే కిందున్న నల్లది బయటపడ్తది.”

“మరి నా చీపురేం చెయ్యాలె?”

ఈ విషయం ఆర్డరులో లేదు. మల్లక్క కొంగు ముక్కుకు చుట్టుకుని, గంప నెత్తికెత్తుకుని, నోటికొచ్చినన్ని తిట్లు తిడుతూ వెళ్లింది. ఆ తిట్లన్నీ గాలి కాలుష్యం కిందికి రావు గనక ఎవరూ నమోదు చేయలేదు.

వారంలో ఊరు పాలల్లో ముంచి తీసినట్టయింది. క్వార్టర్ల కప్పులు, వేప చెట్లు, కరెంటు తీగలు, తోపుడు బండ్ల మీది జామకాయలు అన్నీ తెల్లబడ్డాయి. చౌరస్తాలో పడుకునే బర్రెలు తెల్లబడ్డాక వాటిని గోవులనుకుని ఒకాయన అరటిపళ్లు తినిపించాడు. రెండు పార్టీల నాయకుల విగ్రహాలు ఒకే రంగులోకి వచ్చి, ఎవరు ఎవరో తెలియక ఒకరి జయంతికి ఇంకొకరికి దండ పడింది. గోదావరిఖని నుంచి కుర్రకారు బైకుల మీద వచ్చి సెల్ఫీలు దిగారు. బొగ్గులవాగును ‘కోల్‌బెల్ట్ కశ్మీర్’గా గుర్తించాలని ఒక కౌన్సిలర్ పర్యాటక శాఖకు ఉత్తరం కూడా రాశాడు.

మంథనిలో ఉమామహేశ్వర్ తల్లి పద్మావతమ్మ కొడుకు చొక్కా విప్పి దులిపితే వాకిలంతా పొగలా లేచింది.

“ఇన్నాళ్లు నల్లగ వస్తుంటివి. ఇప్పుడు పిండిగిర్నీల చేరినవా ఏందిరా?” అంది.

“పర్యావరణ పరిరక్షణ చేస్తున్నమమ్మా.”

“చేసుడైపోయినంక జర చేతులు కడుక్కొని రా, అన్నం పెడ్త,” అందామె.

ఉమామహేశ్వర్‌కు అన్నం దిగలేదు. ఆ రోజు అతను రైల్వే గేటు సందుకు వెళ్లి వచ్చాడు. ఆ సందును వదిలేయమని మల్లక్కకు చెబుదామని వెళ్లాడు. అప్పటికే అక్కడ చీలమండ లోతు పొడి ఉంది. ఏ వార్డులోనూ అంత లేదు. అడిగితే, పైనుంచి ఫోన్ వచ్చిందని మల్లక్క చెప్పింది. దుమ్ము మీద దరఖాస్తు పెండింగులో ఉన్న సందు కాబట్టి, ప్రజాభీష్టాన్ని గౌరవించి అక్కడ రెండింతలు చల్లాలని చైర్మన్ గారే స్వయంగా ఆదేశించారట.

సదయ్య ఇంటి కిటికీలో మమత కూర్చుని ఉంది. ముక్కుకు రుమాలు కట్టుకుని, ఒళ్లో ఉన్న బొమ్మకు కూడా ఒక గుడ్డ పేలిక కట్టింది.

“సారూ, గింత ముగ్గు పిండి ఎవరి కోసం?” అని అడిగింది. అడిగి దగ్గింది. దగ్గు ఆగేదాకా ఉమామహేశ్వర్ అక్కడే నిలబడ్డాడు. చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. అతనికి తన మీద తనకే రోత పుట్టింది. ఆపమని చెప్పాల్సినవాడు తనే. మల్లక్క గంప పట్టుకుని అతని నోటి వంకే చూస్తోంది. ఈలోగా వెనక లారీ హారన్ కొడితే పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

మర్నాడు అతను ఆఖరి ప్రయత్నం చేశాడు. మున్సిపల్ ఆఫీసు మిద్దె మీద గాలిలో దుమ్మును కొలిచే యంత్రం ఒకటుంది. ఇదివరకు నూట ఎనభై దగ్గర ఊగిసలాడే అంకె ఇప్పుడు నాలుగు వందల పది చూపిస్తోంది. ఆ చీటీ తీసుకుని చైర్మన్ గారి ముందు పెట్టాడు.

“సర్, దుమ్ము రెండింతల కంటె ఎక్కువైంది. పిల్లలు, ముసలోళ్లు పీల్చే గాలి ఇది. ఇప్పుడన్న ఆపుదాం సర్.”

చైర్మన్ గారు చీటీని ముందుకూ వెనక్కూ తిప్పి చూశారు.

“ఇందుల నలుపెంత, తెలుపెంత?”

“అది చెప్పదు సర్. మొత్తం దుమ్ము చెప్తది.”

“అంటె రంగు తెల్వని మిషను. కండ్లు లేనిదానికి ఊరి సంగతి ఏం తెలుస్తది? బాయిల గుడ్డోణ్ని డ్యూటీకి తీసుకుంటమా? మెడికల్ అన్‌ఫిట్ చేసి ఇంటికి తోలుతం. రాయుండ్రి.”

ఉమామహేశ్వర్ రాశాడు. ‘రంగులను గుర్తించు సామర్థ్యము లేనందున సదరు యంత్రమును విధుల నుండి తప్పించడమైనది.’ సాయంత్రానికి యంత్రానికి గోనె సంచి తొడిగారు. ఇరవయ్యేళ్ల ఆఫీసు చరిత్రలో పని చేస్తున్నందుకు సస్పెండ్ అయిన మొదటి ఉద్యోగి అదే.

తనిఖీ సోమవారం రానే వచ్చింది. అధికారిణి పేరు సంధ్యారాణి. హైదరాబాద్ నుంచి కారు అద్దాలు ఎత్తుకుని వచ్చారు. చైర్మన్ గారు శాలువా కప్పారు. శాలువా దులిపి కప్పడం మర్యాద కాదు గనక దులపకుండానే కప్పారు. ఆమె ఏడుసార్లు తుమ్మారు. అధికార, ప్రతిపక్షాలు తుమ్ము తుమ్ముకూ “చిరంజీవ” అన్నాయి.

బొగ్గు ఊళ్లలో తనిఖీకి ఆవిడకు ఒక పద్ధతి ఉంది. సంచిలోంచి ఇస్త్రీ చేసిన తెల్ల రుమాలు తీసి, ఎక్కడైనా ఒక చోట తుడిచి చూస్తారు. బెల్లంపల్లి నుంచి ఇక్కడిదాకా ఏ ఊళ్లోనూ ఆ రుమాలు బతికి బయటపడలేదని చెబుతారు. ఆవిడ బస్టాండు కటకటాలు తుడిచారు. బడి గేటు తుడిచారు. ఒక బర్రెను కూడా తుడిచారు. రుమాలు తెల్లగానే ఉంది. మొదటికంటే కొంచెం తెల్లబడిందని కూడా అనిపించింది.

“నమ్మలేకపోతున్నాను,” అన్నారు దగ్గు మధ్యలో. “నల్ల మచ్చ లేదు. ఏం చేశారు?”

“ప్రజల సహకారం మేడం,” అన్నారు చైర్మన్ గారు కళ్లు తుడుచుకుంటూ. ఆ కన్నీళ్లు ఆనందంతో వచ్చినవో, పొడి పడి వచ్చినవో చెప్పడం కష్టం.

ఇక మిగిలింది ఒక్కటే. నిబంధన ప్రకారం, గాలి గురించి పౌరుల దరఖాస్తు ఒక్కటి కూడా పెండింగులో ఉండకూడదు. ఉంటే పురస్కారం లేదు. సంధ్యారాణి గారు ప్రజావాణి హాల్లో కూర్చుని రిజిస్టరు తెప్పించుకున్నారు. పెండింగులో ఉన్నది ఒకే ఒక్క పేరు. సదయ్య, పదకొండో వార్డు, రైల్వే గేటు సందు.

“ఈయనను పిలవండి. నేనే అడుగుతాను,” అన్నారు.

పిలవాల్సిన పని లేకపోయింది. సోమవారం కాబట్టి సదయ్య అప్పటికే వరుసలో ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. చేతిలో పదిహేడో దరఖాస్తు ఉంది. మొదటిసారిగా ఊరంతా సదయ్య నోటి మాట కోసం ఎదురుచూస్తోంది. అతను ఒక్క మాట అంటే పురస్కారం పోతుంది. పురస్కారం కావాలంటే ఇప్పటికిప్పుడు లారీలు ఆపి పట్టాలు కప్పాల్సి వస్తుంది. చెప్పు కాకా, అని మనసులోనే బతిమిలాడాడు ఉమామహేశ్వర్.

“మీ ఇబ్బంది ఏమిటి?” అడిగారు సంధ్యారాణి గారు.

“మా మనుమరాలు మేడం. మమత. మూడు దినాల సంది గోదావరిఖని దవాఖానల ఉన్నది. దమ్ము కోసం మిషను పెట్టిండ్రు.”

సంధ్యారాణి గారు పెన్ను మూత తీశారు. రఘుపతి బావ వంక చూశాడు. చైర్మన్ గారు చిన్నగా దగ్గి, కుర్చీలోంచి లేచి వచ్చి సదయ్య భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యిలో నిజంగానే ఆప్యాయత ఉంది. ఇద్దరూ పదకొండేళ్లు ఒకే గనిలో, ఒకే షిఫ్టులో పని చేశారు.

“సదన్నా, నువ్వు అబద్ధం ఆడేటోనివి కాదు. బాయిల నాకెరుక. ఒక్క ముచ్చట చెప్పు. పోరి దగ్గితె కళ్లె పడ్తదా?”

“పడ్తది.”

“ఇదివరకు ఏ రంగుల పడుతుండె?”

“నల్లగ.”

“ఇప్పుడు?”

సదయ్య హాలులో అందరి ముఖాలూ చూశాడు. ఉమామహేశ్వర్ ముఖం కూడా చూశాడు. ఉమామహేశ్వర్ తల దించుకున్నాడు.

“తెల్లగ,” అన్నాడు సదయ్య.

ముందు చప్పట్లు కొట్టింది రాయమల్లు. తర్వాత ఇరవై ఒక్క మందీ అందుకున్నారు. బల్లల మీంచి తెల్లటి మేఘం లేచి హాలంతా కమ్మేసింది. ఆ మేఘంలోంచి సంధ్యారాణి గారి గొంతు వినిపించింది. ఫిర్యాదు నల్ల దుమ్ము శీర్షిక కింద నమోదైంది గనక, నల్ల దుమ్ము లేదని ఫిర్యాదుదారుడే ఒప్పుకున్నాడు గనక, పరిష్కారమైనట్టు రాయమని చెబుతోంది. చైర్మన్ గారు సదయ్యను గట్టిగా కౌగిలించుకున్నారు. ఫోటోలు దిగారు.

రిజిస్టరు ఉమామహేశ్వర్ ముందుకు వచ్చింది. అతను పెన్ను పట్టుకున్నాడు. రాయనని చెప్పొచ్చు. ఆ మాట ఎలా ఉంటుందో నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు కూడా. తర్వాత సదయ్య పేరుకు ఎదురుగా ‘పరిష్కరించబడినది’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. తేదీ వేశాడు. పక్కన సంతకం పెట్టమని రిజిస్టరు సదయ్య వైపు తిప్పాడు.

సదయ్య కళ్లద్దాలు తుడుచుకుని ఆ మాటను ఒక్కో అక్షరం చదివాడు. సంతకం పెట్టాడు. పెన్ను మూత జాగ్రత్తగా పెట్టి తిరిగి ఇచ్చాడు.

“గీ కాయితం జిరాక్స్ ఒకటి ఇయ్యుండ్రి సారు,” అన్నాడు. “దవాఖానకు కొంటవోత. నయమైన సంగతి పోరికి ఇంక తెల్వది.”

ఉమామహేశ్వర్ రిజిస్టరు తీసుకుని జిరాక్స్ మిషను దగ్గరికి నడిచాడు. రెండు కాపీలు తీశాడు. ఒకటి ఆఫీసు ఫైలుకు.